నల్లగొండలో మా వీధి మెడికల్ షాపు: ఏళ్ళ తరబడి కొన్నాక రాస్తున్న సమీక్ష

నల్లగొండలో క్లాక్ టవర్ చుట్టుపక్కల, ప్రకాశం బజార్‌లో, దేవరకొండ రోడ్డు మీద మెడికల్ షాపులకు కొదవ లేదు. కొత్తగా తెరుస్తున్న వాటిలో చాలా బోర్డుల మీద షాపు పేరు కన్నా డిస్కౌంట్ శాతమే పెద్దగా కనిపిస్తుంది. మేము బీపీ, షుగర్, థైరాయిడ్ గోలీలు, ఇన్సులిన్, పిల్లల సిరప్‌లు అన్నీ ఏళ్ళుగా ఒకే చోట కొంటున్నాం. చైన్ షాపు కాదు, ఒక ఫార్మసిస్టు ఇద్దరు కుర్రాళ్ళతో నడిపే వీధి షాపు. పేరు రాయడం లేదు. కింద చెప్పిన సంగతులు పట్టుకుని ఎవరి వీధిలో షాపును వాళ్ళు చూసుకోవచ్చు. ఈ షాపులో డిస్కౌంట్ తక్కువ, నిలబడే జాగా ఇరుకు, సాయంత్రం పూట ఆలస్యం. అయినా మారలేదంటే కారణం ఇక్కడి ఫ్రిజ్, కౌంటర్ మీద మందు సరిచూసే పద్ధతి.

ఇన్సులిన్, టీటీ సూది, కుక్కకాటు వ్యాక్సిన్, గ్లకోమాకు వాడే కొన్ని కంటి చుక్కలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీల దాకా పోతుంది. మధ్యాహ్నం కరెంటు పోతే రేకు షట్టరు షాపు లోపల ఎట్లా ఉడుకుతుందో ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఈ షాపులో ఇన్వర్టర్ మీద ముందు నడిచేది ఫ్రిజ్, తర్వాతే లైట్లు. ఫ్రిజ్‌లో మందులు తప్ప ఇంకేమీ ఉండవు. నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింకులు కూడా అందులోనే పెట్టే షాపుల్లో తలుపు ఎన్నిసార్లు తెరుస్తారో లెక్కుండదు, తెరిచిన ప్రతిసారీ లోపలి చలి బయటికి పోతుంది. ఇక్కడ ఇన్సులిన్ తలుపు అరల్లో ఉండదు, ఫ్రీజర్‌కు ఆనుకునీ ఉండదు. నడిమి అరలో ట్రేలలో, వెనక గోడకు రెండు వేళ్ళ ఎడం వదిలి పెడతారు. లోపల థర్మామీటరు ఉంటుంది, తలుపు మీద ఒక కాగితం. పొద్దున షాపు తీయగానే ఒకసారి, రాత్రి మూసే ముందు ఒకసారి అంకె వేసి సంతకం చేస్తారు. అడిగితే ఎవరికైనా చూపిస్తారు.

అందరూ వేడికే భయపడతారు కానీ ఇన్సులిన్‌కు గడ్డకట్టడం అంతకన్నా చేటు. ఒక్కసారి గడ్డకట్టి కరిగినా ఆ సీసా పనికిరాదు. పాలలా మబ్బుగా ఉండే రకం అయితే పలుకులు కట్టడం, సీసా గోడకు తెల్లటి పొర అంటడం కనిపించొచ్చు. నీళ్ళలా తేటగా ఉండే రకం చెడిపోయినా చూపుకు మామూలుగానే ఉంటుంది. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. మందు పనిచేయక షుగర్ తగ్గదు, డాక్టరు యూనిట్లు పెంచుతారు. తర్వాతి నెల మంచి సీసా చేతికొస్తుంది, పెంచిన డోసు అలాగే వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. తప్పు ఫ్రిజ్‌లో జరిగితే నింద పేషెంటు తిండి మీద పడుతుంది.

అందుకే మిర్యాలగూడ వైపో, దేవరకొండ వైపో బస్సెక్కేవాళ్ళకు ఇన్సులిన్ కట్టిచ్చే తీరు కూడా చూడాలి. ఇక్కడ చిన్న థర్మాకోల్ డబ్బాలో అడుగున ఐస్ ప్యాక్, దాని మీద మడతలు పెట్టిన న్యూస్‌పేపర్, ఆపైన ఇన్సులిన్ పెడతారు. ఐస్ ప్యాక్ నేరుగా సీసాకు తగిలితే దారిలోనే గడ్డకడుతుంది. ఇంటికి చేరాక తెరవని సీసాలు ఫ్రిజ్‌లో, వాడుతున్న ఇన్సులిన్ పెన్ను బయట. వాడుతున్నది సాధారణంగా 28 రోజులు బయట ఉండొచ్చు కానీ, గది వేడి 25, 30 డిగ్రీలు దాటనప్పుడే ఆ లెక్క. ఎండాకాలంలో ఫ్రిజ్ లేని ఇంటికి ఈ షాపు వాళ్ళు చెప్పేది మట్టి కుండ ఉపాయం. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, నడుమ చిన్న కుండ దించి, మూతున్న డబ్బాలో పెన్ను పెట్టి అందులో ఉంచాలి. ఇసుక ఆరకుండా పొద్దున సాయంత్రం నీళ్ళు చల్లాలి, మందుకు నీళ్ళు తగలకూడదు.

సిరంజి విషయంలో ఈ షాపు పట్టుదల మాకు చాలా నచ్చింది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, పెన్నులో వేసే కాట్రిడ్జ్‌లు, కొన్ని సీసాలు 100 యూనిట్లవి. సిరంజిలూ రెండు రకాలు. ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. వంద యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. అటుదిటైతే 20 బదులు 8 యూనిట్లే పోతాయి. సిరంజి ఒక్కటే కొనడానికి వచ్చినా ఇక్కడ "సీసా మీద 40 ఉందా, 100 ఉందా?" అని అడగకుండా ఇవ్వరు. తెలియదంటే ఇంటికి ఫోన్ చేయించి సీసా మీది అంకె చదివిస్తారు. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు, అయినా మానరు.

ఇక కౌంటర్. చీటీ చూసి గోలీలు తీసేది ఒకరు, బిల్లు కొట్టేది ఇంకొకరు. ఆఖర్న ఫార్మసిస్టు చీటీ, షీటు, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి పేరు, మిల్లీగ్రాములు, బ్యాచ్, గడువు తేదీ చూసి కవర్లో వేస్తాడు. అరనిమిషం పట్టే పని. తప్పులు దొరికేది ఆ అరనిమిషంలోనే. కీళ్ళవాతానికి రాసే మెథోట్రెక్సేట్ సంగతి తీసుకోండి. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. ఫోలిట్రాక్స్ అంటే మెథోట్రెక్సేట్, ఫోల్వైట్ అంటే ఫోలిక్ యాసిడ్. పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండూ ఒకే చీటీ మీద ఉంటాయి. మెథోట్రెక్సేట్‌ను ఫోలిక్ యాసిడ్ అనుకుని రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఈ షాపులో మెథోట్రెక్సేట్‌ను విడిగా చిన్న కవర్లో వేసి, "అమ్మా, ఈ గోలీ వారానికి ఒక్కసారే. మీరు ఏ రోజు వేసుకుంటారు?" అని అడిగి, ఆ రోజు పేరు తెలుగులో కవరు మీద రాస్తారు. అది అన్ని షాపుల్లో జరగాల్సిన పని.

షుగర్ గోలీల్లో పేరు చివర ఎం1, ఎం2 అని ఉంటుంది. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ 1 మిల్లీగ్రామా, 2 మిల్లీగ్రాములా అన్నది ఆ అంకె చెప్తుంది. ఒకటి బదులు రెండు చేతికొస్తే, రాత్రి సరిగ్గా తినని ముసలివాళ్ళకు తెల్లవారుజామున షుగర్ పడిపోతుంది. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్నవి నెమ్మదిగా కరగడానికి చేసినవి, నూరి వేయకూడదు. మింగలేని పెద్దవాళ్ళకు వాటిని పొడి చేసి మజ్జిగలో కలిపే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. అట్లా చేస్తే రోజంతా కొంచెం కొంచెంగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది. థైరాయిడ్ గోలీల సీసా అమ్మేటప్పుడు పరగడుపున వేసుకోమని, క్యాల్షియం, ఐరన్ గోలీలకు నాలుగు గంటల ఎడం పెట్టమని చెప్తారు.

షీటు కత్తిరించడంలో కూడా ఒక పద్ధతి ఉంది. బ్యాచ్ నంబరు, గడువు అచ్చయిన కొసను చివరిదాకా ఉంచి, రెండో వైపు నుంచి కత్తిరిస్తారు. దాంతో షాపులో మిగిలిన ముక్క మీద వివరం ఉంటుంది కానీ కొన్నవాళ్ళ చేతిలోని నాలుగు గోలీల మీద ఏమీ ఉండదు. అందుకని కవరు మీద మందు పేరు, గడువు రాసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్ళు గీసి అంకె వేస్తారు. చదువురాని వాళ్ళకు ఈ మూడు గళ్ళే ఆధారం. రాసిన కంపెనీ మందు లేకపోతే "అదే మందు, వేరే కంపెనీ" అని చేతిలో పెట్టేయరు. షెడ్యూల్ హెచ్ మందుల్లో, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన వాటిలో, అట్లా తమంతట తాము మార్చి ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు. డాక్టరుకు ఫోన్ చేసి, సరే అన్నాక ఇస్తారు, ఆ మార్పు చీటీ మీద రాస్తారు. డాక్టరు ఫోన్ ఎత్తకపోతే మాత్రం మళ్ళీ తిరగాల్సిందే. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు ఇది నిజంగా కష్టం.

పిల్లల మందుల్లో తప్పు జరిగేది ఎక్కువగా కొలత దగ్గర. పారాసిటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటాయి. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125, ఇంకో రకంలో 5 మిల్లీలీటర్లకు 250. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన పది కిలోల పిల్లకు ఒక విడత డోసు 100 నుంచి 150. అది చుక్కల మందులో ఒకటి, ఒకటిన్నర మిల్లీలీటర్లు, 250 సిరప్‌లో 2 నుంచి 3. "ఒక చెంచా పోయండి" అన్న మాట పట్టుకుని చుక్కల మందు 5 మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. ఈ షాపులో పిల్ల బరువెంత అని అడుగుతారు, గీతలున్న కప్పు మీద పెన్నుతో గుర్తు పెట్టి ఇస్తారు. ఇంటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత, వాటితో పోయొద్దంటారు.

యాంటీబయాటిక్ పొడి సిరప్‌లు కలపడం అడిగితే షాపులోనే చేసి చూపిస్తారు. ముందు సీసాను అరచేతికి తట్టి పొడి విడదీయాలి. కాచి చల్లార్చిన నీళ్ళు, లేదా పెట్టెలో ఇచ్చిన నీళ్ళు, గీతకు సగం దాకా పోసి బాగా కుదపాలి. నురుగు దిగాక మళ్ళీ సరిగ్గా గీత దాకా పోయాలి. నీళ్ళన్నీ ఒకేసారి పోస్తే అడుగున ముద్ద కడుతుంది. అప్పుడు మొదటి రోజుల డోసులు పలచన, ఆఖరి డోసులు చిక్కన. నురుగును చూసి గీత దాకా వచ్చిందనుకుంటే నీళ్ళు తక్కువై మందు గాఢత పెరుగుతుంది. అమోక్సిసిలిన్, క్లావులనిక్ యాసిడ్ కలిసిన సిరప్ కలిపాక ఫ్రిజ్‌లో ఏడు రోజులే ఉంటుంది. మిగిలిందని దాచి పై నెల జ్వరానికి పోయడం చాలా ఇళ్ళలో చూస్తాం.

దగ్గు సిరప్‌ల మీద ఈ షాపు ఎప్పుడూ బిగువే. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పిల్లల చావుల తర్వాత ఆ బిగువు ఎందుకో అందరికీ అర్థమైంది. కోల్డ్రిఫ్ సిరప్ ఎస్ఆర్-13 బ్యాచ్‌లో కిడ్నీలను చెడగొట్టే డైఇథిలీన్ గ్లైకాల్ కలిసినట్టు తేలింది, ఆ బ్యాచ్ వాడొద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా హెచ్చరిక ఇచ్చింది. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వాడొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకు మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఇక్కడ అడిగినవాళ్ళకు అదే మాట చెప్పి, ఊపిరి వేగంగా తీస్తోందా, పక్కటెముకలు లోపలికి పోతున్నాయా అని అడిగి, అవునంటే దవాఖానకు పంపుతారు. అమ్మకం పోయినా సరే.

ఓఆర్ఎస్ కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్ళకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు ఉన్న ప్యాకెట్‌నే ఇస్తారు. ఆ పేరు పెట్టుకుని అమ్ముడుపోయిన తీపి డబ్బాలను హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఎదిరించారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, రోజు దాటితే పారబోయాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున కలిపితే ఏ గ్లాసులో ఎంత ఉప్పు పడిందో తెలియదు.

యాంటీబయాటిక్స్, నిద్ర గోలీల దగ్గర చీటీ లేకపోతే పని జరగదు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1లో, అంటే ఇంకా గట్టి నిబంధనలతో అమ్మాల్సిన మందుల జాబితాలో, సెఫిక్సిమ్, లెవోఫ్లోక్సాసిన్, ట్రమడాల్, ఆల్ప్రజోలం, టీబీ మందులు ఉన్నాయి. వీటిని అమ్మితే పేషెంటు పేరు, డాక్టరు పేరు, చిరునామా, మందు, ఎంత ఇచ్చారో విడి రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. ఇక్కడ ఆ రిజిస్టర్ కౌంటర్ మీదే ఉంటుంది, కళ్ళముందే రాస్తారు. ఆర్‌ఎంపీ తెల్ల కాగితం మీద రాసిన పేర్లకు ఇవ్వరు, దాని మీద రోజూ గొడవలవుతాయి. "పక్క షాపులో ఇస్తున్నారు కదా అన్నా" అనేది అందరూ అనే మాట. ఇక్కడ వినరు.

మన జిల్లాలో నొప్పి గోలీల సంగతి విడిగా చెప్పాలి. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కీళ్ళు, నడుము పట్టేసిన తరం ఇంకా ఉంది. కృష్ణా నీళ్ళు వచ్చినా వాళ్ళ ఎముకలు వెనక్కి రావు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ షీట్లు కట్టలుగా కొనుక్కుపోతారు. అదే మనిషి బీపీకి టెల్మిసార్టన్, అందులో కలిసొచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) వేసుకుంటుంటే, ఆ రెండింటి మీద ఈ నొప్పి గోలీ పడితే కిడ్నీకి రక్తం అందే దారులు మూడు వైపుల నుంచీ తగ్గుతాయి. ఎండలో చెమటోడ్చి పత్తి చేలో పనిచేసి, నీళ్ళు తక్కువ తాగినవాళ్ళకు ఇది ఇంకా త్వరగా తగులుతుంది. నొప్పి గోలీ అడిగినవాళ్ళను ఈ షాపులో "బీపీ గోలీ వాడుతున్నారా?" అని అడుగుతారు. అవునంటే పారాసిటమాల్ ఇచ్చి డాక్టరును కలవమంటారు. విడి డెక్సామెథసోన్ (స్టెరాయిడ్) గోలీలు, పేర్లు లేని రంగురంగుల పొట్లాలు ఇక్కడ దొరకవు. స్టెరాయిడ్ రెండు రోజుల్లో నొప్పి పోగొడుతుంది, అందుకే జనానికి నమ్మకం. నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపితే బీపీ పడిపోయి పడకేస్తారు, షుగర్, ఎముకల నష్టం వేరే.

ధరల మీద ఎక్కువ రాయడానికి లేదు. ఎమ్మార్పీ దాటి ఎప్పుడూ తీసుకోలేదు, బిల్లు అడగకుండానే ఇస్తారు, అందులో బ్యాచ్, గడువు ఉంటాయి. ప్రభుత్వం ధర కట్టిన మందుల లెక్కలో రిటైలర్‌కు 16 శాతం మార్జిన్ వేస్తారు. అన్నిటి మీదా దానికి మించి డిస్కౌంట్ ఇస్తున్నారంటే సరుకు ఎక్కడి నుంచి వస్తోందని అడగడం న్యాయమే. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పాత ధర అచ్చయి ఉన్న స్టాకుకు కూడా ఈ షాపు తగ్గిన ధరే వేసింది. అనుమానం ఉంటే మందుల ధరలు చూపే ప్రభుత్వ ఫార్మా సహీ దామ్ యాప్‌లో చూసుకోవచ్చు.

లోపాలు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా, పక్క క్లినిక్‌ల ఓపీ వదిలినప్పుడు, కవర్ల మీద గళ్ళు గీయడం తప్పిపోతుంది. ఆ వేళలో కొన్నవి కౌంటర్ వదలకముందే మనమే అడిగి రాయించుకోవాలి. ఆదివారం సాయంత్రం ఫార్మసిస్టు ఉండడు. కుర్రాళ్ళు ఇన్సులిన్, పిల్లల యాంటీబయాటిక్ లాంటివి తాకకుండా "రేపు రండి" అంటారు, అది సరైన పనే. కానీ ఆదివారం ఫ్రిజ్ కాగితం మీద రాత్రి అంకె చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. ఆడవాళ్ళ మందులు, సుఖరోగాల మందులు అడగాలంటే పదిమంది ముందు చెప్పాలి, పక్కకు పిలిచి మాట్లాడే చోటే లేదు. అన్నిటికన్నా ఇబ్బంది ఇంటికి పంపే మందులు. వేసవి మధ్యాహ్నం కుర్రాడి బండి డిక్కీలో గంటసేపు తిరిగిన మందు, షాపు ఏసీలో ఎంత పద్ధతిగా ఉన్నా ఏం లాభం? మార్చి నుంచి జూన్ దాకా ఇంటికి తెప్పించుకునేవి పొద్దున పది లోపు పంపమంటే పంపుతున్నారు. ఇన్సులిన్ మాత్రం ఆ నెలల్లో మేమే వెళ్ళి తెచ్చుకుంటాం. ఫ్రిజ్ మందులు వెనక్కి తీసుకోరు, దానికి కోపం తెచ్చుకోకూడదు. బయట ఎంతసేపు ఉందో తెలియని సీసాను ఇంకొకరికి అమ్మకపోవడమే మనకు కావాల్సింది.

కొత్త షాపును చూసేవాళ్ళు మందులు అమ్మడానికి ఇచ్చే ఫారం 20, 21 లైసెన్సు గోడ మీద ఉందా, అందులో పేరున్న ఫార్మసిస్టు కౌంటర్ దగ్గర ఉన్నాడా, గడువు తీరిన మందులకు విడి పెట్టె ఉందా చూడండి. పడమటి ఎండ పడే అద్దాల అరలో సిరప్‌లు పేర్చి ఉంటే ఆ షాపు వద్దు. నాసిరకం మందు అనిపిస్తే, చీటీ లేకుండా నిద్ర గోలీలు అమ్ముతుంటే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ 1800 599 6969కు పనిదినాల్లో చెప్పొచ్చు. మందు పడక దద్దుర్లు, వాపు లాంటివి వస్తే డాక్టరుకు చూపించాక, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే హెల్ప్‌లైన్ 1800 180 3024కు తెలపాలి. ఫోన్ చేసేటప్పుడు బిల్లు, షీటు మీది బ్యాచ్ నంబరు, కంపెనీ పేరు దగ్గర పెట్టుకోండి, మొదట అడిగేవి అవే.